పెంటయ్య ఫోల్డరు

మా ఆయనకి శుభ్రమంటే ప్రాణం. తన బీరువా కాదు, తన బండి కాదు, తన చొక్కా జేబులు అసలే కాదు. ఎదుటివాళ్ల వస్తువులు. నేను సగం చదివి బోర్లించిన వారపత్రిక సాయంత్రానికి పాత పేపర్ల కట్టలోకి పోతుంది. రేపటికి పనికొస్తుందని ఫ్రిజ్‌లో పెట్టిన అరచెక్క నిమ్మకాయ రేపటికి ఉండదు. అడిగితే, "ఇల్లు ఇల్లులా ఉండొద్దా?" అంటారు. పెళ్లయిన కొత్తలో నేను దీన్ని గుణమనుకున్నాను. మా అక్కచెల్లెళ్లకి చెప్పుకుని మురిసిపోయాను కూడా. ఇప్పుడు చెబుతున్నాను, అది గుణం కాదు, జబ్బు. మొన్న మహర్నవమి నాడు ఆ జబ్బు మా కంప్యూటర్ మీద పడింది.

మేముండేది విజయవాడ భవానీపురంలో. హాల్లో టీవీ పక్క మూలన ఉంటుంది ఆ కంప్యూటర్. దానికి అత్తయ్య కుట్టిన పూలగుడ్డ ముసుగు. వరదలప్పుడు వీధిలోకి నీళ్లొస్తే, ఫ్రిజ్‌ని నీళ్లకి వదిలేసి మరీ ఆ డబ్బాని నేనే అటకెక్కించాను. ఆయన దాన్ని కరెంటు బిల్లులకీ ఆఫీసు కాగితాలకీ వాడతారు. నేను నా అంచులకి వాడతాను.

అంచులంటే చీర అంచులు. మా పుట్టిల్లు మంగళగిరి. మా నాన్న మగ్గం నేసినవాడు. నాకు నేత రాలేదు గానీ గీత వచ్చింది. ముందు కాగితం మీద పెన్సిల్‌తో గీసుకుంటాను. తర్వాత కంప్యూటర్‌లో, గళ్ల కాగితంలాంటి తెర మీద, ఒక్కొక్క గడీ నింపుకుంటూ పోతాను. ఆ గళ్లని చూసి అట్టలకి చిల్లులు కొడతారు. ఆ చిల్లుల ప్రకారమే మగ్గం మీద పోగులు లేస్తాయి, అంచు పడుతుంది. ఒక్క గడి తప్పిందా, చీర పొడవునా ఆ తప్పు కనిపిస్తూనే ఉంటుంది. అందుకని ఒక అంచు నింపడానికి నాకు నెలలు పడతాయి. వంటా వార్పూ అయ్యాక, టీవీలో సీరియల్ మోగుతుండగా, వచ్చేపోయేవాళ్లకి మంచినీళ్లిస్తూ నింపుతాను మరి.

మంగళగిరిలో హనుమయ్యగారని పెద్దాయన ఉన్నారు. నాన్నకి స్నేహితుడు. చాలా మగ్గాలు ఆయన చెప్పినట్టు నడుస్తాయి. కొత్త అంచుకి అట్టలు కొట్టించడం ఆయన విజయదశమి నాడే మొదలుపెడతారు. ఆ రోజు దాటితే మళ్లీ దసరాకే. రెండేళ్ల కిందట నా అంచు ఒకటి ఒప్పుకున్నారు. చేప పొలుసు అంచు. బుట్టలో చేపని తిప్పితే పొలుసులు వరసగా మెరుస్తాయే, అలాంటిది. దసరా నాలుగు రోజులుందనగా కంప్యూటర్ తెరిస్తే ఫోల్డరే లేదు. నా పేరుతో ఉన్న ఫోల్డరు, అందులో చేప పొలుసుతో పాటు అంతకుముందు గీసినవన్నీ, మొత్తం మాయం.

"వైరస్ తినేసింది," అన్నారు మా ఆయన, తెరలోకి డాక్టర్‌లా తొంగిచూసి.

హనుమయ్యగారి దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని ఆ మాటే చెప్పాను. ఆయన నన్ను తేరిపార చూసి, "మగ్గానికి రాని రోగాలన్నీ మీ డబ్బాలకే వస్తాయమ్మా," అన్నారు. వేరే ఎవరిదో అంచు ఎక్కించారు. ఆ తర్వాత ఆయన నా గురించి ఊళ్లో అన్న మాట చుట్టాల నోట నా చెవిన పడింది. 'ఆ అమ్మాయి గీత మంచిదే గానీ మాట మీద నిలబడదు.' అంతే. ఆ మాట తర్వాత మంగళగిరిలో నన్ను అంచు అడిగినవాళ్లు లేరు.

ఈ వేసవిలో సిగ్గు చంపుకుని మళ్లీ వెళ్లాను. కాలవగట్ల మీద శరత్కాలంలో తెల్లగా ఊగే రెల్లుపూలని అంచుగా గీసి పట్టుకెళ్లాను. ఆయన ఆ కాగితం కిందా మీదా తిప్పి చాలాసేపు చూశారు. "దశమికి గళ్లు నింపి తీసుకురా. ఈసారి కూడా వైరస్సూ గియిరస్సూ అన్నావంటే నా గుమ్మం ఎక్కొద్దు," అన్నారు.

నింపాను. మహర్నవమి తెల్లారేసరికి ఆఖరి గడి కూడా నిండింది. మర్నాడు మధ్యాహ్నం ముహూర్తానికి తీసుకెళ్లి ఇవ్వడమే మిగిలింది.

ఆ ఫోల్డరుకి నేను పెట్టిన పేరు 'టెంప్'. ఎందుకు పెట్టానో చెబితేగానీ నా కోపం మీకు అర్థం కాదు. చేప పొలుసు పోయిన రోజుల్లో మా ఆయన నాకు ధైర్యం చెబుతూ, "వైరస్‌లు ఏం చేస్తాయనుకున్నావ్? పేరూ ఊరూ ఉన్న ఫోల్డర్లనే పట్టుకుంటాయి. చెత్తలా కనిపించేవాటి జోలికి రావు," అన్నారు. అత్తయ్య అక్కడే చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. మా అత్తయ్య పేరు వెంకటరత్నమ్మ. ఆవిడకి కంప్యూటర్ తెలియదు గానీ కష్టం తెలుసు.

"మా అమ్మకి పురిట్లోనే ముగ్గురు పోయారే మనోజ్ఞా," అంది. "నాలుగోవాడు మా అన్నయ్య. పుట్టగానే పెంటకుప్ప మీద దొర్లించి, పెంటయ్యని పేరెట్టారు. యముడు కూడా చెత్తని ముట్టుకోడంట. నిలిచాడు. నీ బొమ్మలకి కూడా అట్టాంటి పేరేదో ఒకటి పెట్టుకోరాదూ?"

నేను నవ్వాను. నవ్వుతూనే పెట్టాను. కంప్యూటర్‌లో పెంటకుప్ప లాంటి పేరేముందా అని ఆలోచిస్తే టెంప్ కనబడింది. ప్రోగ్రాములు నడిచేటప్పుడు తమ అవసరానికి రాసుకుని పారేసే చెత్తంతా చేరే చోటు పేరది. దాని జోలికి ఎవడొస్తాడు? దిష్టిచుక్క పెట్టినట్టు పెట్టి, నిశ్చింతగా గీసుకున్నాను. మా ఆయనకి ఆ సంగతి చెప్పలేదు. చెప్పవలసిన అవసరమేముంది? ఇంట్లో యముడున్నాడని నాకేం తెలుసు?

ఇక మహర్నవమి. మా ఇంట్లో ఆ రోజు ఆయుధపూజ. కత్తిపీట, కుట్టుమిషను, మిక్సీ, బండి, సుత్తీ స్క్రూడ్రైవర్లూ అన్నీ తుడిచి బొట్లు పెట్టాలి. హారతిచ్చాక దశమి పొద్దున దీపం పెట్టేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. పనిముట్లకి అది విశ్రాంతి. కూరగాయలు కూడా ముందే తరిగి పెట్టుకుంటాం. ఈ విషయంలో అత్తయ్యతో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు.

నేను వంటింట్లో పులిహోర కలుపుతున్నాను. దుర్గమ్మ కొండ మీద మైకులో క్యూలైన్ల గురించి ఏదో చెబుతూనే ఉన్నారు. హాల్లో మా ఆయన కంప్యూటర్ తుడుస్తున్నారని వినబడుతూనే ఉంది, దగ్గుతూ తుడుస్తారు కాబట్టి. తర్వాత దగ్గు ఆగి మౌస్ టకటకలు మొదలయ్యాయి. అప్పుడైనా నేను లేచి వెళ్లవలసింది. ఇంగువ పడిందో లేదో చూసుకుంటూ ఉండిపోయాను.

పూజకి పిలిస్తే హారతి పళ్లెంతో వెళ్లాను. కంప్యూటర్ ఆపేసి ఉంది. మానిటరుకి గంధం, డబ్బాకి కుంకుమ, కీబోర్డు మీద రెండు బంతిపూలు. అత్తయ్య గంట కొడుతోంది. నేను హారతి తిప్పుతున్నాను. మా ఆయన నా పక్కన చేతులు జోడించుకుని నిలబడి, దేవుడికి వినబడకుండా నాకు వినబడేట్టు, "ఈసారి బయటి దుమ్మే కాదు, లోపలి దుమ్ము కూడా దులిపేశా," అన్నారు.

"అంటే?"

"వీడియో చూశా. సిస్టం స్లో అవడానికి కారణం టెంపరరీ ఫైల్సంట. టెంప్ ఫోల్డరు తెరిచి అందులోవి తీసెయ్యమన్నాడు. వాడు చెప్పింది ఒక్కదాని గురించే. నేను ఊరుకుంటానా? టెంప్ అని కొట్టి మొత్తం అంతా వెతికించి, దొరికిన ప్రతిదాన్నీ పీకేశా. రీసైకిల్ బిన్‌లో కూడా పడకుండా, షిఫ్ట్ పట్టుకుని మరీ డిలీట్ కొట్టా."

కర్పూరం వెలుగుతోంది. పళ్లెం తిప్పుతూనే అడిగాను.

"ఏ డ్రైవ్‌లో?"

"అన్నిట్లో."

హారతి మధ్యలో అరవకూడదు కదా. గంట మోగినంతసేపూ పళ్లబిగువున నిలబడ్డాను. అత్తయ్య గంట కింద పెట్టిందో లేదో, పళ్లెం పీట మీద విసిరినట్టు పెట్టి, కంప్యూటర్ దగ్గరికి ఒక్క దూకు దూకాను. అత్తయ్య నాకంటే ముందు అడ్డం వచ్చింది.

"హారతైపోయింది. ఇంక రేపే."

"అత్తయ్యా, నా అంచు పోయింది! రేపు హనుమయ్యగారికి ఇవ్వాల్సిన అంచు!"

"పోతే రేపు వెతుక్కుందువుగాని. పూజ చేసిన వస్తువు మీద చెయ్యి వెయ్యనివ్వను."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఒకాయన నా పనిని పారేశాడు, ఒకావిడ దాన్ని వెతకనివ్వదు. మా ఆయన ముఖంలో రంగు మారింది. ఏం జరిగిందో అప్పటికి బుర్రకెక్కింది.

"టెంప్ అని ఎందుకు పెట్టావు మరి?" అన్నారు.

ఆ మాటతో నాకు ఒళ్లంతా భగ్గుమంది. "ఎందుకు పెట్టానా? పేరున్నవాటికి వైరస్ పడుతుందని మీరే కదా చెప్పింది! టెంప్ అని ఉంటే, తెరిచి చూడక్కర్లేదా? లోపల బొమ్మలున్నాయా బొగ్గులున్నాయా చూడక్కర్లేదా? చెత్తబుట్ట ఎత్తేటప్పుడు కూడా మనిషన్నవాడు ఒకసారి లోపలికి చూస్తాడండీ! మీ ఆఫీసు కాగితాల మీద చెత్త అని రాసి ఉంటే చించేస్తానా నేను? వంటింట్లో నుంచి ఒక్క కేకేస్తే వినబడేదాన్ని. మనోజ్ఞా, ఇదేంటి అని ఒక్క మాట! నోట్లో ఏం పెట్టుకున్నారు?"

"నువ్వు పనిలో ఉన్నావని..."

"నా పనే మీరు పారేసింది!"

"సరే సరే, అరవకు. వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్లుంటాయి. ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి..." అని ఆయన స్విచ్ వైపు వంగారు. అత్తయ్య గంట పుచ్చుకుని చేతి మీద కొట్టింది. కొడుకుని ఆవిడ కొట్టడం అదే మొదటిసారి చూశాను. చూసి సంతోషపడే ఓపిక కూడా లేకపోయింది.

మా పైవాటాలో హెప్సిబా అని కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్పే లెక్చరర్ ఉంటుంది. దసరా సెలవలు. మెట్లెక్కి వెళ్లి, తలుపు తియ్యగానే ఏడుస్తూ తిడుతూ మొత్తం చెప్పాను. మా అత్తగారి మూఢనమ్మకాన్ని కూడా కలిపి తిట్టాను. "మీరు వచ్చి ఆవిడకి చెప్పండి, మీ మాటైతే వింటుంది," అన్నాను.

హెప్సిబా అంతా విని అడిగిన మొదటి ప్రశ్న, "డిలీట్ చేశాక సిస్టం ఆన్ చేశారా?"

"చెయ్యనిస్తేగా!"

"హమ్మయ్య. చెయ్యకండి. ఏమీ డౌన్‌లోడ్ చెయ్యకండి. అసలు ముట్టుకోకండి."

ఆవిడ కుర్చీ లాగి కూర్చోబెట్టి చెప్పింది. "డిలీట్ కొడితే ఫైలు అప్పటికప్పుడు పోదండీ. అద్దింటి గుమ్మానికున్న పేరు పలక మాత్రం పీకేస్తారు. లోపల మనిషి ఉంటాడు. కానీ పలక లేదు కాబట్టి ఇల్లు ఖాళీ అని లెక్క. ఇంకో ఫైలు వచ్చి అక్కడ దిగితే మీవాడు వీధిన పడతాడు. మీ ఆయన ఆ సాఫ్ట్‌వేర్ దించి ఉంటే, అది సరిగ్గా మీ అంచు మీదే దిగి ఉండేదేమో. మీది పాతకాలం హార్డ్‌డిస్కే కదా? అయితే ఆశ ఉంది. కొత్తరకం వాటిలో అయితే ఇంత నమ్మకంగా చెప్పలేను."

"మరి ఇప్పుడే వచ్చి..."

"వస్తాను. ఆంటీ ఒప్పుకుంటే."

ఆంటీ ఒప్పుకోలేదు. కిందికి దిగగానే, "ఏమంది?" అని అడిగింది.

"ముట్టుకోవద్దంది."

"నేనూ అదేగా అంది."

నాకు ఇంకా ఒళ్లు మండింది. ఆవిడ కారణం వేరు, ఈవిడ కారణం వేరు, ఇద్దరి మాటా ఒకటే. తిట్టడానికి కూడా లేకుండా చేశారు. ఆ రాత్రి పులిహోర నేను తినలేదు. మా ఆయన తిన్నారు, పెరుగుతో సహా.

దశమి పొద్దున అత్తయ్య తలస్నానం చేసి, దీపం పెట్టి, కంప్యూటర్ మీది బంతిపూలు తీసి కళ్లకద్దుకుని, "ఇంక మీ ఇష్టం," అంది. హెప్సిబా అప్పటికే తన లాప్‌టాప్‌తో వచ్చి కూర్చుని ఉంది. డబ్బా విప్పి, కుంకుమ చెరగకుండా జాగ్రత్తగా హార్డ్‌డిస్క్ బయటికి తీసి, తన లాప్‌టాప్‌కి తగిలించింది. పాత డిస్కు మీద ఏమీ రాయకుండా, దొరికినవి తన లాప్‌టాప్‌లోకే దించుతుందట. అది వెతుకుతున్నంతసేపూ నేను నిలబడే ఉన్నాను.

"అన్నగారూ, ఇంకోసారి టెంప్ ఫైల్స్ తియ్యాలంటే ఇలా వెతికి పీకకండి," అంది హెప్సిబా మా ఆయనతో, తెర మీంచి కళ్లు తియ్యకుండానే. "విండోస్‌లోనే డిస్క్ క్లీనప్ అని ఉంటుంది. ఏది చెత్తో దానికి తెలుసు. అయినా తీసేముందు ఇవీ ఇవీ తియ్యనా అని చూపించి అడుగుతుంది. తెరిచున్నవన్నీ మూసేసి, అందులోనే చేసుకోండి. మీరు చేత్తో పారేసేవి బిన్‌లో ఒక వారం ఉండనివ్వండి. ఎవరూ అడగకపోతే అప్పుడు ఖాళీ చేసుకోండి."

"అలాగేనమ్మా," అన్నారు ఆయన, బుద్ధిమంతుడిలా. అప్పటికి ఆయన చేతిలో ఉప్మా ప్లేటు ఉంది.

"ఇదిగో టెంప్," అంది హెప్సిబా. తెరిచింది. రెల్లుపూలు. ఒక్క గడి కూడా తప్పకుండా, నేను వదిలిన చోటే, తల వంచుకుని ఊగుతున్నాయి. కుర్చీ వెనక పట్టుకుని కళ్లు మూసుకున్నాను. కన్నబిడ్డ సంతలో తప్పిపోయి దొరికితే ముందు ముద్దు పెట్టుకోవాలో కొట్టాలో తెలియదంటారే, అలా ఉంది నాకు.

"మనోజ్ఞగారూ, ఇంకో ఫోల్డరు కూడా దొరికిందండీ. మీ పేరుతోనే ఉంది. అన్నీ రాలేదు గానీ చాలా వచ్చాయి. ఇది కూడా కావాలా?"

నేను కళ్లు తెరిచి చూశాను. చేప పొలుసు. వరసలు వరసలుగా.

"అదెలా దొరికింది? దాన్ని వైరస్ తినేసిందండీ!"

"వైరసా?" హెప్సిబా తల అడ్డంగా ఊపింది. "లేదండీ. దీన్ని ఎవరో రీసైకిల్ బిన్‌లో వేసి, తర్వాత బిన్ ఖాళీ చేశారు. ఎప్పుడు వేశారో కూడా ఉంది. రెండేళ్ల కిందట, దసరా ముందరి ఆదివారం."

ఆ ఆదివారం నేను ఇంట్లో లేను. హనుమయ్యగారు రమ్మంటే జరీ రంగు చూసుకోవడానికి మంగళగిరి వెళ్లాను. ఇంట్లో ఉన్నది ఇద్దరే, అందులో ఒకరికి మౌస్ పట్టుకోవడం రాదు.

వెనక్కి తిరిగాను. మా ఆయన దొంగకి తేలు కుట్టినట్టు నిలబడి ఉన్నారు.

"మీరేనా?"

"డిస్క్ నిండిపోయిందే అప్పుడు. పాతవేమో అనుకున్నా. బిన్ ఖాళీ చేశాక తెలిసింది..."

"మరి వైరస్?"

"చెప్తే గోల చేస్తావని."

గోల! రెండేళ్లు నేను లేని పురుగుకి భయపడ్డాను. ఎవరి పెన్‌డ్రైవూ పెట్టనివ్వలేదు. పక్కింటివాళ్లు టికెట్ ప్రింట్ తీసుకుంటామంటే పొమ్మని చెడ్డదాన్నయ్యాను. హనుమయ్యగారి ముందు నేను చెయ్యని తప్పుకి చేతులు కట్టుకున్నాను. నా పేరు తీసి చెత్త పేరు పెట్టుకున్నాను. ఇదంతా ఈయన ఒక ఆదివారం గోల తప్పించుకోవడానికి. అదే పేరు చూసి, అదే చేత్తో, మళ్లీ పారేశారు.

నాకంటే ముందు అత్తయ్య నోరు తెరిచింది.

"ఒరేయ్ ప్రసాదూ. నువ్వు పారేసి, ఆ పిల్లకి పెంట పేరు నాచేత పెట్టించావా?"

"అమ్మా, నేనేదో..."

"నోరుముయ్! మా అన్నయ్య బతికాడురా. ముసలాడయ్యేదాకా బతికాడు. శుభలేఖ మీద పెంటయ్య, రేషన్ కార్డు మీద పెంటయ్య. బళ్లో పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లంట. ఆ పేరుకి వాడెంత ఏడ్చాడో నాకు తెలుసు. యముడికి భయపడి పెట్టార్రా అది. ఈ ఇంట్లో యముడివి నువ్వా?"

హెప్సిబా తన లాప్‌టాప్‌లోకి మరీ దగ్గరగా చూడసాగింది. మా ఆయన ప్లేటు ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశారు.

"పేరు మార్చు," అంది అత్తయ్య నాతో. "ఇప్పుడే. బతికిందిగా."

హెప్సిబా లాప్‌టాప్‌ని నా వైపు తిప్పింది. టెంప్ చెరిపి 'మనోజ్ఞ' అని కొట్టాను. రెండు అంచులూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, వీధి చివర షాపులో గళ్లన్నీ పెద్ద కాగితాల మీద ప్రింట్ తీయించుకొచ్చాను.

"బండి తియ్యండి," అన్నాను మా ఆయనతో.

"బస్సులున్నాయిగా. ఈ రష్‌లో..."

"మీరొస్తున్నారు."

"నేనెందుకు?"

"చెప్పడానికి."

అత్తయ్య బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఆయన వాటిని తొక్కించి బయల్దేరారు. కొండ చుట్టూ జనం, ఎక్కడ చూసినా తాళ్లూ పోలీసులూ. సందులు తిరిగి తిరిగి బ్యారేజీ ఎక్కేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. దారి పొడవునా నేను కాగితాల చుట్టని ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను. ఆయన రెండుసార్లు, "దాహమేస్తోందా?" అని అడిగారు.

మేం వెళ్లేసరికి హనుమయ్యగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. అట్టలు కొట్టే మనిషి కూడా వచ్చి ఉన్నాడు. మగ్గాలకి మామిడాకులు, బొట్లు. ఆయన కళ్లజోడు సర్దుకుని రెల్లుపూల కాగితం పరిచి, గోటితో గడి తర్వాత గడి లెక్కపెట్టుకుంటూ పోయారు. చివరిదాకా పోయి, "బావుంది," అన్నారు. అంతకంటే ఎక్కువ ఆయన ఎవర్నీ మెచ్చుకోరు.

"బాబాయ్, మావారు మీతో ఒక మాట చెప్పాలి," అన్నాను.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "అంటేనండీ... అప్పుడు, రెండేళ్ల కిందట... ఆ వైరస్ అన్నది ఉంది చూశారూ..."

నేను ఆయన వైపే చూస్తున్నాను.

"వైరస్ కాదండీ. నేనే తీసేశాను. చూసుకోకుండా. మనోజ్ఞకి కూడా తెలీదు."

హనుమయ్యగారు కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు.

"ఈ పిల్ల మాట మీద నిలబడదని నేను ఊరంతా చెప్పానయ్యా," అన్నారు. "ఇప్పుడు ఎన్ని గుమ్మాలెక్కి ఆ మాట వెనక్కి తెచ్చుకోను?"

మా ఆయన తల దించుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆపుకోవలసిన పని నాది కాదనిపించింది.

"ఆ పాతది కూడా దొరికిందా?" అని అడిగారు హనుమయ్యగారు. చేప పొలుసు తీసి చూపించాను. అందులో ఒక చివర కొంత పాడైంది. అది మళ్లీ నింపి ఇస్తానని చెప్పాను. ఆయన తల ఊపి, అట్టలు కొట్టే మనిషిని కేకేసి రెల్లుపూలు చేతికిచ్చారు. "ఈ అంచు గీసింది మన వీరాస్వామి కూతురు మనోజ్ఞ. అట్టల కట్ట మీద పేరు రాయి," అన్నారు. మొదటి చిల్లు పడ్డ చప్పుడు విని లేచాం.

తిరుగుదారిలో బ్యారేజీ మీద బళ్లు కదలడం లేదు. కింద కృష్ణ నిండుగా ఉంది. మా ఆయన ఇంజన్ ఆపేసి, కొంచెం వెనక్కి తిరిగి, "ఇంకెప్పుడూ నీ కంప్యూటర్ ముట్టుకోనులే," అన్నారు, పెద్ద త్యాగం చేస్తున్నవాడిలా.

"ముట్టుకోండి. ఏదైనా తీసేముందు అడగండి."

"సరే."

"ఆ డబ్బా కూడా అడుగుతుంది కదా, నిజంగా తీసెయ్యమంటారా అని. నిన్న అడిగిందా, లేదా?"

ముందు బండివాడు హారన్ కొడుతున్నాడు. ఆయన బండి అద్దం అటూ ఇటూ సర్దారు.

"అడిగింది," అన్నారు చివరికి.

"ఎవర్ని అడిగి అవునన్నారు?"

బళ్లు కదిలాయి. ఆయన గబగబా బండి స్టార్ట్ చేశారు.